బ్లాగు కొత్త డొమైన్‌కు మారాక పాతదాన్ని వదిలేయవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. 2012లో బ్లాగ్‌స్పాట్‌లో మొదలుపెట్టిన వంటల బ్లాగును 2016లో వర్డ్‌ప్రెస్‌కు, పేరు మధ్యలో అడ్డగీతలున్న ఒక డాట్ ఇన్ డొమైన్‌కు మార్చారు. ఇప్పుడు నోటితో చెప్పడానికి వీలైన డాట్ కామ్ పేరు దొరికింది, అక్కడికి వెళ్లిపోదామనుకుంటున్నారు. పాతదాని గడువు నవంబరులో ముగుస్తుంది కాబట్టి ఆలోపే మారిపోయి ఆ రెన్యువల్ డబ్బు మిగుల్చుకోవాలని ఉంది. పనిలో పనిగా థీమ్ మార్చి, తెలుగులో ఉన్న టపాల చిరునామాలను ఇంగ్లిషు అక్షరాల్లోకి తేవాలని కూడా ఉంది. గూగుల్ నుంచి వచ్చే పాఠకులు మాత్రం తగ్గకూడదు.

ఆ చివరి కోరిక తీరాలంటే మిగతావాటిలో కొన్ని మానుకోవాలండీ. డొమైన్ మారండి, అభ్యంతరం లేదు. పాతదాన్ని మాత్రం వదలకండి. థీమ్‌నూ టపాల చిరునామాలనూ ఇప్పుడు ముట్టుకోకండి. ఎందుకో చెబుతాను.

మీ దగ్గర ఉన్న ట్రాఫిక్ నిజానికి మీ టపాల్లో లేదు, వాటి చిరునామాల్లో ఉంది. గూగుల్ తన సూచీలో రాసుకున్నది చిరునామానే. పదేళ్లుగా ఎవరో తమ బ్లాగులో ఇచ్చిన లింకు, ఎవరో పిన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టిన లింకు, మీరే మీ యూట్యూబ్ వీడియోల కింద పెట్టుకున్న లింకు, అన్నీ పాత చిరునామాకే వెళతాయి. కొత్త డొమైన్ పుట్టిన రోజున గూగుల్‌కు అది ముక్కూ మొహం తెలియని పేరు. ‘ఫలానా పాత పేజీ శాశ్వతంగా ఫలానా కొత్త పేజీకి మారింది’ అని చెప్పేది పాత డొమైన్ మీద మీరు పెట్టే 301 దారిమళ్లింపు ఒక్కటే. పాత డొమైన్ మీ చేతిలో లేకపోతే ఆ మాట చెప్పేవారే ఉండరు.

301, 302 అనేవి దారి మళ్లించేటప్పుడు సర్వర్ పంపే సంకేత సంఖ్యలు. వాటి మధ్య తేడా ఇక్కడే. 302 అంటే తాత్కాలికంగా వెళ్లాను, మళ్లీ వస్తాను అని. 301 అంటే ఇల్లు మారిపోయాను అని. దారి మళ్లిస్తే పేజీ విలువ కొంత కారిపోతుందని పూర్వం అనుకునేవాళ్లం. 301, 302 లాంటి 30తో మొదలయ్యే దారిమళ్లింపుల వల్ల పేజ్‌ర్యాంక్ (లింకులను బట్టి గూగుల్ పేజీకి కట్టే విలువ) తగ్గదని గూగుల్‌కు చెందిన గ్యారీ ఇలియస్ 2016లో స్పష్టంగా చెప్పారు. కాబట్టి ఆ భయం అక్కర్లేదు. భయపడాల్సింది పెట్టే తీరులో జరిగే పొరపాట్లకు.

పాత డొమైన్ వదలవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి బ్లాగ్‌స్పాట్ నుంచి వచ్చిన మీకు బాగా తెలియాల్సిన కారణం ఒకటుంది. 2012 నుంచి కొన్నేళ్లపాటు భారతదేశంలో బ్లాగ్‌స్పాట్ బ్లాగు ఏది తెరిచినా చిరునామా చివర డాట్ కామ్ పోయి డాట్ ఇన్ వచ్చేది, గుర్తుందా? జనం కంటికి కనిపించినదాన్నే కాపీ చేసుకుని పంచుకున్నారు. 2018లో గూగుల్ ఆ పద్ధతి ఆపేసింది. 2020లో బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అనే ఆ డొమైనే గూగుల్ చేతి నుంచి జారిపోయి వేరేవాళ్ల పేరు మీదకు వెళ్లింది. బ్లాగులన్నీ డాట్ కామ్ మీద భద్రంగానే ఉన్నాయి, డాట్ ఇన్‌తో పంచుకున్న పాత లింకులు మాత్రం ఎక్కడికక్కడ తెగిపోయాయి. మన బ్లాగుల పాత వ్యాఖ్యల్లో ఆ లింకులు నాకు ఇప్పటికీ తగులుతుంటాయి. అంత పెద్ద సంస్థ డొమైనే అలా జారిందంటే, ఏడాదికి ఒక చీర ఖరీదు కూడా కాని మీ రెన్యువల్ మీద పొదుపు చేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇంకో సంగతి కూడా ఉంది. మీరు వదిలేసిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. పదేళ్ల పేరు, బోలెడు లింకులు ఉన్న డొమైన్ కోసం కాచుకుని కూర్చునేవారు ఉంటారు. మీ గుత్తివంకాయ లింకు నొక్కిన పాఠకురాలికి జూదం సైటు తెరుచుకుంటుంది. ఆ డొమైన్ పేరుతో మీకు ఈమెయిల్ కూడా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. కొన్నవారు అదే ఈమెయిల్‌ను సృష్టించుకుని, దానితో మీరు తెరిచిన ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చమని అడగవచ్చు.

ఇక చిరునామాలను ఇంగ్లిషు చేయడం గురించి. మీకు ఎందుకు అలా అనిపించిందో నాకు తెలుసు. తెలుగు చిరునామాను కాపీ చేసి ఎక్కడైనా అతికిస్తే శాతం గుర్తులూ అంకెలూ కలిసిన పెద్ద తోరణంలా వస్తుంది. యూనికోడ్‌లో మన ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు మూడేసి బైట్లు. చిరునామాలో ఒక్కో బైటును శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా రాస్తారు కాబట్టి ఒక్కొక్కటి తొమ్మిదేసి గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్ ఒక టపా చిరునామాకు ఇచ్చే జాగా 200 గుర్తులు. అంటే మనకు దక్కేది 22 అక్షరాలు, అదీ గుణింతాలూ వత్తులూ సున్నాలూ విడివిడిగా లెక్కపెడితే.

‘గుత్తివంకాయ కూర తయారీ విధానం’ అనే టపాను తీసుకోండి. ‘గుత్తివంకాయ’లో గ, ఉకారం, త, పొల్లు, మళ్లీ త, ఇకారం, వ, సున్నా, క, దీర్ఘం, య, మొత్తం పదకొండు. అవే 99 గుర్తులు. కూర 27, తయారీ 45, నడుమ గీతలు మూడు. మొత్తం 174 అయ్యాయి. మిగిలిన 26 గుర్తుల్లో ‘విధానం’లోని ‘వి’ మాత్రమే పడుతుంది. మీ డేటాబేస్‌లో ఆ టపా చిరునామా ‘గుత్తివంకాయ-కూర-తయారీ-వి’ దగ్గర ఆగిపోయి ఉంటుంది, చూడండి. చూడటానికి బాగోలేదు, ఒప్పుకుంటాను. అయినా గూగుల్ దాన్ని చదవగలదు, పాఠకులు దాన్ని నొక్కగలరు. పనిచేస్తున్నదాన్ని అందం కోసం మార్చడానికి ఇది సమయం కాదు.

ఇప్పుడే మారిస్తే ఏమవుతుందంటే, డొమైన్ ఒక్కటే మారినప్పుడు సర్వర్‌లో ఒకే ఒక నియమం రాస్తే సరిపోతుంది. పాత డొమైన్ మీద ఏ చిరునామా అడిగినా, డొమైన్ పేరు మార్చి మిగతాది ఉన్నదున్నట్టు పంపమని. మీకు నాలుగు వందల టపాలున్నా నాలుగు వేలున్నా ఆ ఒక్క నియమమే. టపాల పేర్లు కూడా మార్చారంటే ప్రతి టపాకూ విడిగా ఒక జత రాయాలి. పైన చెప్పిన ‘వి’ దగ్గర తెగిన చిరునామాను శీర్షిక చూసి టైప్ చేస్తే కలవదు. పొల్లు తర్వాత కనబడకుండా దాగి ఉండే విడదీత అక్షరం ఒకటి కొన్ని మాటల్లో ఉంటుంది, దానితోనూ కలవదు. ఎక్కడ తప్పిందో కంటికి తెలియదు కూడా. థీమ్ సంగతీ అంతే. డొమైన్, థీమ్, చిరునామాలు మూడూ ఒకేసారి మార్చాక పాఠకులు తగ్గితే, దేనివల్ల తగ్గారో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆరు నెలలు ఆగి, కొత్త ఇంట్లో కుదురుకున్నాక థీమ్ మార్చుకోండి. కొత్తగా రాసే టపాలకు చిన్న ఇంగ్లిషు చిరునామాలు ఇవాళ్టి నుంచే పెట్టుకోవచ్చు, వాటికి ఏ అడ్డూ లేదు.

మారే ముందు చేయాల్సిన మొదటి పని జాబితా. సైటు యజమానులకు వెతుకులాట లెక్కలు చూపే గూగుల్ పరికరం సెర్చ్ కన్సోల్‌లో గత 16 నెలల లెక్కలుంటాయి. అక్కడి నుంచి పాఠకులు వస్తున్న పేజీలను దించుకోండి. ఒకసారికి వెయ్యి వరుసలే వస్తాయి, మీకు చాలు. మీకు బయటి నుంచి లింకులున్న పేజీల జాబితా కూడా అక్కడే దొరుకుతుంది. సైట్‌మ్యాప్‌లోని (సైటు పేజీల జాబితా ఉండే ఫైలు) చిరునామాలను కూడా కలిపి ఒక పట్టికలో పెట్టుకోండి. మార్చిన తర్వాత ఏది విరిగిందో చెప్పేది ఈ పట్టికే. అదే సమయంలో కొనబోయే డాట్ కామ్ గతాన్ని, సైట్ల పాత రూపాలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో చూడండి. పేరు మీకు కొత్తది కావచ్చు, ఇంతకుముందు దానిలో ఎవరో అద్దెకున్నారేమో, ఏ పాపపు పనులు చేశారో తెలుసుకోవాలి. కొన్న వెంటనే సెర్చ్ కన్సోల్‌లో చేర్చి, దాని మీద గూగుల్ వేసిన శిక్షలేమైనా ఉన్నాయేమో కూడా చూసుకోండి.

నియమం రాశాక ముందు 302గా పెట్టి పరీక్షించండి. 301ను బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి, తప్పు నియమం పెడితే మీరు సరిదిద్దాక కూడా కొందరికి పాత తప్పుదారే తెరుచుకుంటుంది. పట్టికలోంచి ఒక ఇరవై చిరునామాలు తీయండి. అందులో తెలుగువి, బొమ్మల ఫైళ్లు, వర్గాల పేజీలు, ఫీడు (కొత్త టపాలను చందాదారులకు చేరవేసే ఫైలు) తప్పకుండా ఉండాలి. ఒక్కొక్కటి తెరిచి సరిగ్గా తన జోడీ పేజీకే చేరిందో లేదో చూడండి. తెలుగు చిరునామాల్లో ప్రతి శాతం గుర్తు పక్కన 25 అనే అంకె కొత్తగా వచ్చి చేరిందంటే, చిరునామా రెండుసార్లు మారువేషం వేసుకుందని అర్థం. సర్వర్ దాన్ని ఒకసారి విప్పకుండానే మళ్లీ చుట్టింది. హోస్టింగ్ వారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, నియమంలో ఏం మార్చాలో వారికి తెలుస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక 302ను 301 చేయండి.

అన్నింటినీ కొత్త హోం పేజీకి మళ్లించే పని మాత్రం పొరపాటున కూడా చేయకండి. 2013లో నా మొదటి మార్పిడిలో నేను చేసిన ఘనకార్యం అదే. కొండపల్లి కోట గురించి వెతుక్కుంటూ వచ్చిన ప్రతివారికీ నా స్వపరిచయం చదవాల్సిన గతి పట్టించాను. అలాంటి దారిమళ్లింపును గూగుల్ ‘పేజీ లేదు’ అన్నట్టే లెక్కవేస్తుంది. రెండు నెలల్లో నా ట్రాఫిక్‌లో మిగిలింది నా స్నేహితులే.

మీ విషయంలో ఒక మెలిక ఉంది. మీ తొలి నాలుగేళ్ల టపాలు బ్లాగ్‌స్పాట్‌లో పుట్టాయి. శీర్షిక తెలుగులో ఉంటే బ్లాగర్‌కు (బ్లాగ్‌స్పాట్‌ను నడిపే గూగుల్ సేవ) దానిలోంచి చిరునామా తీయడం చేతకాదు, అందుకే అవన్నీ బ్లాగ్-పోస్ట్ అని, దాని పక్కన ఏదో ఒక అంకెతో ఉంటాయి. 2016లో మీరు వర్డ్‌ప్రెస్‌కు వచ్చినప్పుడు బ్లాగర్ టెంప్లేట్‌లో ఒక దారిమళ్లింపు ముక్క పెట్టి ఉంటారు. అది ఇప్పుడు డాట్ ఇన్‌కు పంపుతోంది. డాట్ ఇన్ రేపు డాట్ కామ్‌కు పంపుతుంది. ఇలాంటి గొలుసును గూగుల్ పది అంగల వరకూ అనుసరిస్తుంది కానీ, అంగలు ఎంత తక్కువైతే అంత మంచిది. బ్లాగర్‌లోకి వెళ్లి ఆ టెంప్లేట్‌లో డొమైన్ పేరును నేరుగా డాట్ కామ్‌గా మార్చండి. పదేళ్లుగా తెరవని బ్లాగర్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఇవాళే చూసుకోండి. ఫోనులో తెరిచినప్పుడు బ్లాగర్ చిరునామా చివర ప్రశ్నార్థకంతో ఒక చిన్న తోక తగిలిస్తుంది. ఆ తోకతో ఉన్న లింకు కూడా సరైన చోటికి వెళుతోందో లేదో పరీక్షలో చేర్చండి, వాట్సాప్‌లో తిరిగేవాటిలో చాలావాటికి ఆ తోక ఉంటుంది.

టపాల లోపల మీరే ఒకదాని నుంచి ఒకదానికి ఇచ్చుకున్న లింకులు, బొమ్మల చిరునామాలు కూడా కొత్త డొమైన్‌కు మారాలి. దీనికి డేటాబేస్‌లో నేరుగా వెతుకు-మార్చు పెట్టవద్దు. విడ్జెట్ల అమరికలను వర్డ్‌ప్రెస్ ‘ఈ మాటలో ఇన్ని అక్షరాలు’ అనే లెక్కతో సహా దాచుకుంటుంది. మాట మారి లెక్క మారకపోతే ఆ అమరిక మొత్తాన్ని చదవలేక పారేస్తుంది, మీ పక్కపట్టీ ఖాళీ అయిపోతుంది. ఆ లెక్కను కూడా సరిచేసే ప్లగిన్లున్నాయి, అలాంటిదే వాడండి. దానిలో జీయూఐడీ అనే గడిని మినహాయించమని చెప్పండి. ఫీడ్ రీడర్లు టపాను గుర్తుపట్టేది దాంతోనే. అది మారితే మీ చందాదారులకు పాత టపాలన్నీ కొత్తవాటిలా మళ్లీ వచ్చిపడతాయి.

మార్చిన రోజున చూడాల్సినవి ఎక్కువేమీ లేవు. కొత్త సైటును సిద్ధం చేసేటప్పుడు వెతుకుడు యంత్రాలను రావద్దని చెప్పే గడిలో టిక్కు పెట్టి ఉంటే అది తీసేయాలి. నవ్వుకోకండి, నన్ను సాయం అడిగినవారిలో ముగ్గురి జబ్బు అదే. ప్రతి పేజీలోని కెనానికల్ ట్యాగు (ఈ పేజీ అసలు చిరునామా ఇదీ అని గూగుల్‌కు చెప్పే గుర్తు) కొత్త డొమైన్‌నే చూపాలి. కొత్త సైట్‌మ్యాప్ సమర్పించాలి. పాతది కూడా కొన్నాళ్లు ఉంచితే గూగుల్ పాత చిరునామాలను తొందరగా తడిమి దారిమళ్లింపులను చూసుకుంటుంది. తరువాత సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు అనే పరికరం ఉంది. రెండు డొమైన్లూ ఒకే గూగుల్ ఖాతాలో మీ పేరు మీద ధ్రువీకరించి ఉండాలి. 301 పెట్టాకే దాన్ని నొక్కాలి. మీ పాత చిరునామాల ముందు మూడు డబ్ల్యూలు ఉంటే దానికి కూడా విడిగా చేయండి, డొమైన్‌కు చేసినంత మాత్రాన అది కలిసిపోదు. ఆ సమాచారం 180 రోజులు అమల్లో ఉంటుంది. దారిమళ్లింపులు మాత్రం కనీసం ఏడాది ఉంచమని గూగులే చెబుతుంది. నేనైతే కనీసం అన్న మాటను తీసేసి, ఉన్నన్నాళ్లూ ఉంచమంటాను.

పాత డొమైన్‌ను ఉంచుకోవడమంటే దాని బిల్లు కట్టడం ఒక్కటే అనుకోకండి. కొన్నేళ్ల కిందట ఒక సాహిత్య పత్రిక నడిపే పెద్దాయన పిలిచారు. డొమైన్ మార్చాక పాఠకులు సగానికి సగం పోయారు, నియమాలన్నీ బాగానే ఉన్నాయి అన్నారు. ఆయన చిరునామా పెట్టెలో పాత పేరు టైప్ చేసి చూపించారు, చక్కగా కొత్త సైటు తెరుచుకుంది. నేను గూగుల్‌లో వెతికి ఆయన పాత కథ ఒకదాని మీద నొక్కాను. ఈ సైటు సురక్షితం కాదంటూ బ్రౌజర్ నిండా హెచ్చరిక. జరిగిందేమిటంటే, ఆయన పాత హోస్టింగ్ ఖాతా మూసేసి, డొమైన్ అమ్మినవారి దగ్గర ఉచితంగా దొరికే ఫార్వర్డింగ్ పెట్టుకున్నారు. దానికి తాళం గుర్తు ఉండే భద్రతా ధ్రువపత్రం లేదు. ఆయన టైప్ చేసిన పేరు మామూలు (హెచ్‌టీటీపీ) దారిలో వెళ్లింది కాబట్టి తెరుచుకుంది. గూగుల్‌లోనూ మిగతా అన్నిచోట్లా ఉన్న లింకులు భద్ర (హెచ్‌టీటీపీఎస్) దారివి. ధ్రువపత్రం లేనిచోట బ్రౌజర్ దారిమళ్లింపు మాట వినకముందే తలుపు దగ్గరే ఆగిపోతుంది. పాఠకుడూ అంతే, గూగుల్ కూడా అంతే. పాత డొమైన్‌ను మళ్లీ ఒక హోస్టింగ్ కిందకు తెచ్చి ధ్రువపత్రం పెట్టాక గానీ కుదుటపడలేదు. మీ కొత్త హోస్టింగ్ ఖాతాలోనే పాత డొమైన్‌ను కూడా అదనంగా చేర్చుకోండి. ఉచిత ధ్రువపత్రాల గడువు 90 రోజులు మించదు, అవి వాటంతటవే కొత్తవవుతున్నాయో లేదో అప్పుడప్పుడూ చూడండి.

అనలిటిక్స్‌కు కొత్త ఖాతా తెరవకండి, పాత గుర్తింపు సంఖ్యతోనే కొనసాగితే ముందూ వెనకా పోల్చుకోవచ్చు. యాడ్‌సెన్స్‌లో కొత్త డొమైన్‌ను విడిగా చేర్చి ఆమోదం పొందాలి, మీ సైటులో ప్రకటనల జాగా అమ్మడానికి అనుమతి ఉన్నవారి జాబితా ఉండే చిన్న ఫైలును కొత్త సైటులో కూడా పెట్టాలి. ఆమోదం వచ్చేలోగా కొన్ని రోజులు ప్రకటనలు రాకపోవచ్చు, ఆ నెల ఆదాయం లెక్కలో అది ఉంచుకోండి. యూట్యూబ్ వివరణల్లో, ఫేస్‌బుక్ పేజీలో ఉన్న మీ సొంత లింకులను మీరే మార్చుకోగలరు. బయటివారిలో మీకు ఎక్కువమందిని పంపుతున్న పదిమందికి ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం రాస్తే సగంమంది మారుస్తారు.

ముహూర్తం గురించి. వంటల బ్లాగుకు వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా కోత కాలం. మీరు అక్టోబరులో మారుతానంటున్నారు, అంటే దసరాకూ దీపావళికీ నడుమ. అరిసెల పాకం కోసం, ఉండ్రాళ్ల కోసం జనం వెతికే రోజుల్లో ఇల్లు మారడం ఎందుకు? సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరిలో మారండి. అప్పుడు కుదరకపోతే, ఆవకాయల సందడి తగ్గి శ్రావణ మాసపు వ్రతాలు మొదలుకాకముందు ఒక ఖాళీ దొరుకుతుంది. ఆషాఢంలో గృహప్రవేశం చేయకూడదంటారు గానీ, వంటల బ్లాగుకు అంతకన్నా మంచి ముహూర్తం లేదు.

అన్నీ సరిగ్గా చేసినా మొదటి కొన్ని వారాలు లెక్కలు ఊగుతాయి. పాత డొమైన్ గీత దిగుతుంటుంది, కొత్తదాని గీత లేస్తుంటుంది. మీరు రెండింటినీ కలిపి చూడాలి, ఒక్కదాన్ని చూసి బెంబేలెత్తకూడదు. మీ అంత సైటులో చాలా పేజీలు కొన్ని వారాల్లో మారిపోతాయి. ఎవరూ తిరగని మూలల్లోని పేజీలకు ఇంకా ఎక్కువ పడుతుంది, ఎందుకంటే గూగుల్ కూడా అక్కడికి అరుదుగానే వెళుతుంది. ఫోన్లలో డిస్కవర్ (వెతక్కుండానే గూగుల్ తనంతట తాను టపాలు చూపించే చోటు) ద్వారా వచ్చేవారి లెక్క మామూలు రోజుల్లోనే నిలకడగా ఉండదు, దాన్ని బట్టి ఏ తీర్పూ ఇవ్వకండి. వెతికి వచ్చేవారి సంఖ్య రెండు నెలలు దాటినా కోలుకోకపోతే మాత్రం మీ పట్టిక తీసి, బాగా పడిపోయిన పది పేజీల పాత చిరునామాలు నొక్కి చూడండి. నేను చూసినంతలో జవాబు ఆ పదిలోనే దొరికింది, దాదాపు ప్రతిసారీ తెగిన దారిమళ్లింపే. సరిదిద్దాక పాతదానికి తిరిగి వెళ్లిపోదామన్న ఆలోచన రానివ్వకండి, అటూ ఇటూ తిప్పితే గూగుల్‌కు ఏది ఇల్లో తెలియదు.

నవంబరు బిల్లు సంగతి. ఒక్క ఏడాదికి కాకుండా మూడేళ్లకో అయిదేళ్లకో కట్టేయండి, ఆటోమేటిక్ రెన్యువల్ పెట్టండి. దానికి జతచేసిన బ్యాంకు కార్డు గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. గడువు గుర్తుచేసే ఈమెయిల్ ఏ చిరునామాకు వస్తుందో కూడా చూసుకోండి. అది ఆ పాత డొమైన్ ఈమెయిలే అయితే, ముందు దాన్ని మార్చండి.